డాలస్ సైడ్ ఇల్లు చూపించకముందే బయ్యర్ అగ్రిమెంట్ మీద సంతకం అడుగుతున్నారు, పెట్టొచ్చా?

కొత్తింటి_వేటలో
అందరికీ నమస్తే. మేం ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం, లీజ్ జూన్‌లో అయిపోతుంది, ఫ్రిస్కో లేదా ప్రాస్పర్, మరీ కుదరకపోతే సెలీనా, ఐదున్నర లక్షల డాలర్లలో ఇల్లు చూద్దామనుకుంటున్నాం. మా ఆయన కొలీగ్ ఒక ఏజెంట్ నంబర్ ఇచ్చారు, మనవాళ్ళే, మాట తీరు కూడా బాగుంది. శనివారం రెండు ఇళ్ళు చూపిస్తానన్నారు, శుక్రవారం రాత్రి ఫోన్‌కి ఈ-సైన్ లింక్ వచ్చింది, ఇది సైన్ చేస్తేనే చూపించగలను, రూల్ అని మెసేజ్. తెరిచి చూస్తే ఆరు నెలలు, ఎక్స్‌క్లూజివ్ (అంటే ఆ గడువులో ఆయన ఒక్కరితోనే), 3 శాతం కమీషన్, కాలిన్ కౌంటీ డెంటన్ కౌంటీ మొత్తం. ఇంకా ఒక్క గుమ్మం కూడా తొక్కలేదు. మా వదిన వాళ్ళు 2021లో మెకిన్నీలో కొన్నారు, వాళ్ళు ఇళ్ళు చూడ్డానికి ముందు ఏమీ సైన్ చేయలేదట, ఏజెంట్ డబ్బులు అమ్మినవాళ్ళే ఇచ్చారంటున్నారు. నిజంగా రూల్ మారిందా, ఈయన ఊరికే అంటున్నారా? 3 శాతం అంటే 16,500 డాలర్లు, అది మేం కట్టాలా? డౌన్ పేమెంట్‌కే కిందా మీదా పడుతున్నాం.

ప్లేనో_అక్క
రూల్ మారిన మాట నిజమే అమ్మా, ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఇళ్ళు చూపించడానికి ముందు రాతపూర్వక అగ్రిమెంట్ ఉండాలన్నది రూల్. ఆరు నెలలు, 3 శాతం, రెండు కౌంటీలు అన్నది ఆయన కోరిక. ఈ రెండూ కలిపి ఒకే మాటలో చెప్పేస్తున్నారు చాలామంది, అక్కడే మన వాళ్ళు బెదిరిపోయి సైన్ చేసేస్తున్నారు.

ఇదివరకు ఎలా ఉండేదంటే, అమ్మేవాళ్ళు లిస్టింగ్ ఏజెంట్‌తో 5 గానీ 6 గానీ ఒక శాతం మాట్లాడుకునేవాళ్ళు, అందులో కొంత, చాలాసార్లు సగం, కొనేవాళ్ళ ఏజెంట్‌కి ఇస్తామని ఎం.ఎల్.ఎస్.లో, అంటే ఏజెంట్లు అమ్మకానికున్న ఇళ్ళ వివరాలు పంచుకునే డేటాబేస్‌లో రాసేవాళ్ళు. ఆ అంకె ఏజెంట్లకే కనపడేది, కొనేవాళ్ళు పట్టించుకునేవాళ్ళు కాదు, మీ వదిన వాళ్ళకి ఫ్రీ అనిపించింది అందుకే. మిస్సోరీ వైపు ఇళ్ళు అమ్మినవాళ్ళు కొందరు అవతలి పార్టీ ఏజెంట్‌కి మేమెందుకు కట్టాలని కేసు వేస్తే, 2023 అక్టోబర్ 31న కాన్సస్ సిటీ జ్యూరీ నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ మీదా కొన్ని పెద్ద బ్రోకరేజ్‌ల మీదా దాదాపు 178 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. 2024 మార్చిలో అసోసియేషన్ 41.8 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది, ఆ సెటిల్‌మెంట్ రూల్స్ 2024 ఆగస్టు 17 నుంచి నడుస్తున్నాయి. ఎం.ఎల్.ఎస్.లో బయ్యర్ ఏజెంట్‌కి ఇంత ఇస్తాం అని రాయడం బంద్, ఇల్లు చూపించే ముందు బయ్యర్‌తో కాగితం మస్ట్. టెక్సస్‌లో అయితే 2026 జనవరి 1 నుంచి రాష్ట్ర చట్టంలోకే ఎక్కించారు.

ఇంకో ముఖ్యమైన సంగతి, కమీషన్ ఏ చట్టమూ ఫిక్స్ చేయలేదు, బేరమాడుకోవచ్చు అని ఆ అగ్రిమెంట్‌లోనే స్పష్టంగా కనపడేట్టు రాయాలి. మీ లింక్‌లో కూడా ఉండే ఉంటుంది, వెతకండి.

తెనాలి_టు_టెక్సస్
నా మాట వినండి, అసలు బయ్యర్ ఏజెంట్ ఎందుకండీ ఈ రోజుల్లో? ఇళ్ళన్నీ జిల్లోలో మనమే చూసుకుంటున్నాం, స్కూల్ రేటింగ్ మనమే చూసుకుంటున్నాం, ఫేసింగ్ మనమే గూగుల్ మ్యాప్‌లో చూసుకుంటున్నాం, ఆయన వచ్చి తలుపు తీస్తాడు అంతేగా, దానికి పదహారు వేలా? సరాసరి బోర్డు మీద ఉన్న లిస్టింగ్ ఏజెంట్‌కి ఫోన్ కొట్టండి, వాడికి రెండు వైపులా తనకే వస్తుందని ఆశ ఉంటుంది, మీ ఆఫర్ ముందుకు తోస్తాడు, ఆ 3 శాతం ధరలో తగ్గించమని అడగండి. మా తమ్ముడు అలాగే కొన్నాడు, హ్యాపీగా ఉన్నాడు.

కరీంనగర్_అక్క
తెనాలి అన్నా, మీ తమ్మునికి మంచిగైంది సంతోషం, కానీ అందరికి గట్ల గాదు. మా పక్కింటోళ్ళ సంగతి చెప్త. వాళ్ళు లిటిల్ ఎల్మ్‌ల ఓపెన్ హౌస్‌కు పోయిన్రు, లిస్టింగ్ ఏజెంట్ మస్తు మర్యాదగ మాట్లాడిండు, కిచెన్ ఐలాండ్ కాడ నిలబడి నీళ్ళ బాటిల్ ఇచ్చుకుంట మీరు ఎక్కడి నుంచి, పిల్లలు ఏ క్లాసు, ఎప్పటివరకు మారాలె అని ముచ్చట పెట్టిండు. వీళ్ళేమో ఆగస్టుల స్కూల్ మొదలైతది గంతలోపు రావాలె, ఈస్ట్ ఫేసింగ్ దొరుకుతలేదు ఇదే దొరికింది, బ్యాంకు 6 లక్షల దాంక ప్రీ అప్రూవల్ ఇచ్చింది అని అన్ని చెప్పిన్రు. 5,60,000కు ఆఫర్ పెడితే కౌంటర్ 5,95,000 అని వచ్చింది, ఒక్క డాలర్ దిగలె. ఆయన తప్పు చేసిండని నేను అంటలేను, ఆయన అమ్మేటోళ్ళ మనిషి, విన్నది పోయి వాళ్ళకు చెప్పుడే ఆయన డ్యూటీ. మనకే ఎవల మనిషో తెల్వాలె కదా.

లైసెన్స్_ఉన్న_సభ్యుడు
ముందే చెప్పేస్తున్నా, నేను టెక్సస్‌లో లైసెన్స్ ఉన్న ఏజెంట్‌ని, ఇక్కడ బిజినెస్ అడగడానికి రాలేదు, నా పేరు నంబర్ ఇవ్వను, దయచేసి మెసేజ్ చేయకండి.

కరీంనగర్ అక్క చెప్పిందే అసలు పాయింట్. లిస్టింగ్ ఏజెంట్ అమ్మేవాళ్ళతో అగ్రిమెంట్ చేసుకున్న మనిషి. మీతో మర్యాదగా ఉండాలి, అబద్ధం చెప్పకూడదు, ఇంట్లో తెలిసిన లోపాలు దాచకూడదు, అంతవరకే. మీరు ఎంతవరకు పెట్టగలరో ఆయనకి తెలిస్తే అది సెల్లర్‌కి చెప్పడం ఆయన బాధ్యత. అదే మీతో రాసుకున్న ఏజెంట్ అయితే మీ రహస్యాలు దాచాలి, మీ ప్రయోజనం తన కమీషన్ కన్నా ముందు పెట్టాలి, ఆ ఇల్లు ఎందుకు అమ్ముతున్నారో, ఎన్నాళ్ళుగా మార్కెట్లో ఉందో, ఇంతకుముందు ఎవరైనా కాంట్రాక్ట్ చేసి వెనక్కి పోయారా, ఇవన్నీ తవ్వి మీకు చెప్పాలి.

తెనాలి గారు అన్న "రెండు వైపులా వాడే" సంగతి టెక్సస్‌లో మామూలుగా ఉండదు. ఇక్కడ ఇద్దరి తరఫునా ఒకే బ్రోకర్ ఉంటే దాన్ని ఇంటర్మీడియరీ అంటారు. ఇద్దరి దగ్గరా రాతపూర్వక సమ్మతి ఉండాలి. సెల్లర్ అడిగిన ధర కంటే తక్కువకి ఒప్పుకుంటాడని బయ్యర్‌కి చెప్పకూడదు, బయ్యర్ ఇంకా ఎక్కువ పెడతాడని సెల్లర్‌కి చెప్పకూడదు, వాళ్ళు రాసి ఇస్తే తప్ప. బ్రోకర్ తన కింద ఉన్న ఇద్దరు వేర్వేరు ఏజెంట్లని చెరొకరికి అప్పగిస్తే వాళ్ళు తమ పార్టీకి సలహా ఇవ్వొచ్చు. అలా కాకుండా ఒక్కడే ఏజెంట్ ఉంటే ఎవరికీ సలహా ఇవ్వకూడదు, కాగితాలు అటూ ఇటూ మోయడమే. అంటే మీకు అవసరమైన చోట, ఎంత ఆఫర్ పెట్టాలి, ఫౌండేషన్ రిపోర్ట్ చూశాక ఎంత తగ్గించమనాలి అని అడిగితే ఆయన నోరు తెరవడానికి లేదు.

ఇంకోటి. టెక్సస్‌లో ఇల్లు ఎంతకి అమ్ముడుపోయిందో పబ్లిక్ రికార్డ్‌లో ఉండదు. జిల్లోలో మీరు చూసేది లిస్ట్ ప్రైస్, లేదా వాళ్ళ అంచనా. కౌంటీ అప్రైజల్ సైట్‌లో ఉన్నది పన్ను కోసం వేసిన విలువ. పక్క వీధిలో అదే ఫ్లోర్ ప్లాన్ అసలు ఎంతకి క్లోజ్ అయిందన్నది ఎం.ఎల్.ఎస్.లో ఉంటుంది. బయ్యర్ ఏజెంట్ నుంచి మీరు మొదట రాబట్టాల్సింది అది, తలుపు తీయడం కాదు.

తెనాలి_టు_టెక్సస్
అమ్మకం ధర బయటికి రాదన్నది నాకు తెలీదు, ఒప్పుకుంటాను. కానీ ఒక్క మాట, ఏజెంట్‌కి వచ్చేది ధరలో శాతం, ధర పెరిగితే ఆయనకి పెరుగుతుంది, మరి తగ్గించడానికి ఎందుకు కొట్లాడతాడు? దీనికి సమాధానం చెప్పండి.

లైసెన్స్_ఉన్న_సభ్యుడు
న్యాయమైన ప్రశ్న. పది వేలు తగ్గిస్తే 2.5 శాతం మీద నాకు పోయేది 250, అది కూడా బ్రోకర్ వాటా పోకముందు లెక్క. దానికోసం క్లయింట్‌ని పోగొట్టుకునేవాడు ఎక్కువ కాలం నిలవడు. అసలు సమస్య ధర కాదు, తొందర. ఎంత త్వరగా క్లోజ్ అయితే అంత త్వరగా డబ్బు, క్లోజ్ కాకపోతే అసలు లేదు. అందుకని "ఇది వదిలేయండి, ఈ ఇల్లు మీకొద్దు" అని చెప్పగలిగే ఏజెంట్ కావాలి. ఫ్లాట్ ఫీజు మాట్లాడుకున్నా తప్పు లేదు, కొత్త రూల్స్ ప్రకారం శాతమే ఉండాలని లేదు. ఫ్లాట్ కావచ్చు, గంటకింత అని కావచ్చు, కాకపోతే అంకె స్పష్టంగా ఉండాలి. "సెల్లర్ ఎంతిస్తే అంత" అని ఖాళీగా వదలకూడదు. రాసుకున్న అంకె కంటే ఎక్కువ ఎవరి దగ్గరా తీసుకోకూడదు. 2.5 రాసుకుని, అక్కడ సెల్లర్ 3 ఇస్తానన్నా ఆ మిగతా అర శాతం ఏజెంట్ జేబులోకి పోదు.

కొత్తింటి_వేటలో
అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. శనివారం షోయింగ్ వచ్చే వారానికి మార్చుకున్నాం. రెండు డౌట్లు. ఒకటి, సెల్లర్ ఇవ్వనంటే ఆ డబ్బు మేం చేతి నుంచి పెట్టాలా, లోన్‌లో కలపొచ్చా? రెండు, సెలీనాలో కొత్త కమ్యూనిటీ మోడల్ హోమ్ చూడ్డానికి ఆదివారం మేమిద్దరమే వెళ్దామనుకుంటున్నాం, బిల్డర్ ఆఫీసులో కూర్చున్న ఆవిడ ఫోన్‌లో బాగా మాట్లాడారు, అక్కడ కూడా ఏజెంట్ కావాలా?

ప్రాస్పర్_నివాసి
ఆదివారం వెళ్ళే ముందు ఇది చదవండి!! మోడల్ హోమ్‌లో కూర్చునే ఆవిడ బిల్డర్ ఉద్యోగి, ఎంత ఆప్యాయంగా కాఫీ ఇచ్చినా ఆవిడ కాపాడేది బిల్డర్‌ని. చాలామంది బిల్డర్ల పాలసీ ఏంటంటే మొదటిసారి వెళ్ళినప్పుడే ఏజెంట్ మీతో ఉండాలి లేదా ముందే ఏజెంట్ పేరు రిజిస్టర్ చేసి ఉండాలి, మీరిద్దరే వెళ్ళి ఐప్యాడ్‌లో పేరు ఫోన్ నంబర్ కొట్టారంటే తర్వాత ఏజెంట్‌ని తీసుకెళ్ళినా కమీషన్ ఇవ్వం అంటారు, అప్పుడు మీ అగ్రిమెంట్ ప్రకారం ఆ 3 శాతం మీ నెత్తిన పడే ప్రమాదం ఉంది. ఐప్యాడ్‌లో "మీకు ఏజెంట్ ఉన్నారా" అన్న ప్రశ్న ఉంటే అక్కడ ఖాళీగా వదలకండి.

ఇంకా బిల్డర్ కాంట్రాక్ట్ రీసేల్‌కి వాడే టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ ఫామ్ కాదు, వాళ్ళ లాయర్లు వాళ్ళకోసం రాసుకున్నది, చాలా పేజీలు. రీసేల్‌లో మామూలుగా ఉండే ఆప్షన్ పీరియడ్ (కారణం చెప్పకుండా వెనక్కి తగ్గే గడువు) అందులో ఉండకపోవచ్చు, ఎర్నెస్ట్ మనీ (కాంట్రాక్ట్‌తో కట్టే అడ్వాన్స్) వెనక్కి రావడం కష్టంగా రాసి ఉంటుంది, ఇల్లు రెడీ అవడం ఆలస్యమైతే మీ రేట్ లాక్ ఏమవుతుందో వాళ్ళకి పట్టదు. వాళ్ళ లెండర్ దగ్గరే లోన్ తీసుకుంటే క్లోజింగ్ కాస్ట్‌లో ఇంత ఇస్తాం అంటారు, మంచిదే, కానీ బయట ఇంకో లెండర్ దగ్గర లోన్ ఎస్టిమేట్ తీసుకుని రేటుతో సహా పక్కపక్కన పెట్టి చూడండి. మా వీధిలో ఒకాయనకి ఏజెంట్ డ్రైవాల్ వేయకముందు ఒకసారి, చివర్లో ఒకసారి ఇన్‌స్పెక్టర్‌ని పంపించాలని కాంట్రాక్ట్‌కి ముందే బిల్డర్‌తో రాయించాడు, ఆ ఇన్‌స్పెక్షన్‌లో పై అంతస్తు ఏసీ డక్ట్ ఒకటి అసలు కలపనే లేదని బయటపడింది. గోడ మూసేశాక అది ఎవరికి కనపడుతుంది?

ప్లేనో_అక్క
మొదటి డౌట్‌కి నేను చెప్తాను. మామూలు కన్వెన్షనల్ లోన్‌లో బయ్యర్ ఏజెంట్ ఫీజు లోన్ మొత్తంలో కలపనివ్వరు, కాబట్టి సెల్లర్ ఇవ్వకపోతే క్యాష్. కానీ ఆఫర్‌తో పాటే సెల్లర్‌ని అడగొచ్చు, నా ఏజెంట్ ఫీజు మీరు కట్టండి అని. ఎం.ఎల్.ఎస్.లో రాయకూడదు అన్నారు గానీ ఇవ్వకూడదు అనలేదు, ఇద్దరూ మాట్లాడుకుని కాంట్రాక్ట్‌లో రాసుకోవచ్చు. మా చుట్టుపక్కల ఇప్పటికీ చాలామంది సెల్లర్లు ఎంతోకొంత ఇస్తూనే ఉన్నారు. అగ్రిమెంట్‌లో మీరు చూడాల్సిన లైన్ ఏంటంటే సెల్లర్ తక్కువ ఇస్తే మిగతాది ఎవరు పెట్టుకోవాలి అన్నది. ఏజెంట్‌ని సూటిగా అడగండి, "సెల్లర్ 2 మాత్రమే ఇస్తే మిగతా ఒకటి మమ్మల్ని అడుగుతారా, వదిలేస్తారా" అని. ఫోన్లో చెప్పింది సరిపోదు, కాగితం మీదికి రావాలి.

ఎడిసన్_మామయ్య
మాది న్యూజెర్సీ, మా రాష్ట్రం పద్ధతి వేరు కాబట్టి అడుగుతున్నాను. పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు, ఇల్లు అమ్మి చిన్నదాంట్లోకి మారదామని మా ఆవిడ పట్టు. లిస్టింగ్ ఏజెంట్ వచ్చి డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరిచి, మొత్తం 5 శాతం, అందులో 2.5 బయ్యర్ ఏజెంట్‌కి అని చెప్పాడు. కేసు గెలిచింది అమ్మేవాళ్ళే కదా, మరి ఇంకా నేనెందుకు అవతలివాడి ఏజెంట్‌కి ఇవ్వాలి? ఇవ్వకపోతే ఇల్లు ఎవరూ చూడరంటున్నాడు. అది బెదిరింపా, నిజమా?

లైసెన్స్_ఉన్న_సభ్యుడు
మామయ్యా, ఇవ్వాలని ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టలేరు. ఏజెంట్‌ని రెండు అంకెలూ విడివిడిగా రాయమనండి, ఆయనకి ఎంత, అవతలి వైపు ఇచ్చేది ఎంత. 5 అని ఒకే ముద్దగా రాస్తే, ఏజెంట్ లేని బయ్యర్ వచ్చినప్పుడు ఆ మొత్తం ఎవరికి పోతుందన్న గొడవ వస్తుంది. రెండో అంకె ఇప్పుడే ఫిక్స్ చేయక్కర్లేదు, "ఆఫర్ వచ్చినప్పుడు చూస్తాం" అనొచ్చు. అప్పుడు 7 లక్షలకి 2.5 అడిగే ఆఫర్, 6,90,000కి ఏమీ అడగని ఆఫర్ రెండూ వస్తే మీ చేతికి మిగిలేది చూసుకోండి. మొదటిదాంట్లో 17,500 పోతే 6,82,500, రెండోది 6,90,000. పెద్ద అంకె ఉన్న ఆఫరే మంచిదని లేదు.

ఇవ్వకపోతే ఎవరూ చూడరు అన్నది అతిశయం, కానీ పూర్తిగా కొట్టిపారేయలేం. మొదటి ఇల్లు కొనే చిన్న కుటుంబాల దగ్గర డౌన్ పేమెంట్ పోను ఏజెంట్ ఫీజుకి క్యాష్ మిగలదు, వాళ్ళు మీ ఇల్లు వదిలి ఫీజు ఇచ్చే పక్కింటికి పోతారు.

లిస్టింగ్ కాగితాల్లో ఇంకా మూడు చోట్ల ఆగి చదవండి. మొదటిది ఎక్స్‌క్లూజివ్ రైట్ టు సెల్, అంటే ఆ గడువులో మీ బావమరిదే కొన్నా కమీషన్ కట్టాలి, అలాంటి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ పేర్లు మినహాయింపుగా ముందే రాయించండి. గడువు ఎన్ని నెలలో చూడండి. గడువు అయిపోయాక కూడా ఆయన చూపించిన బయ్యర్ కొంటే కట్టాల్సిన ప్రొటెక్షన్ పీరియడ్ ఎన్ని రోజులో చూడండి.

ఎడిసన్_మామయ్య
ఆ 6,82,500 లెక్క చూపిస్తే మా ఆవిడే పెన్ను తీసుకుంది. డబ్బు చేతికి మిగిలేది చూడాలన్నది ఆయన చెప్పనే లేదు. మాకు న్యూజెర్సీలో ఒక సౌకర్యం ఉంది, డాలస్ వాళ్ళకి తెలియకపోవచ్చు. ఏజెంట్ తయారుచేసిన ఇంటి కాంట్రాక్ట్‌లో అటార్నీ రివ్యూ అని మూడు బిజినెస్ డేస్ ఉంటాయి, ఆలోపు మన లాయర్ కాదంటే ఆ కాంట్రాక్ట్ పోయినట్టే. ఏజెంట్ మన తరఫునే అయినా చట్టపరమైన సలహా ఇవ్వలేడు కదా, దానికి లాయర్ ఉంటాడు. టెక్సస్‌లో లాయర్ లేకుండా టైటిల్ కంపెనీలోనే (ఇంటి హక్కు పత్రాలు, డబ్బు బదిలీ చూసే కంపెనీ) అన్నీ అయిపోతాయని మా మేనల్లుడు అంటే నమ్మలేదు.

ప్రాస్పర్_నివాసి
అవును మామయ్యా, ఇక్కడ లాయర్‌ని పెట్టుకునేవాళ్ళు తక్కువ. మాకు ఉన్నది ఆప్షన్ పీరియడ్. కొన్ని వందల డాలర్లు ఆప్షన్ ఫీజు కట్టి ఒప్పుకున్న ఆ కొన్ని రోజుల్లో ఏ కారణం చెప్పకుండా వెనక్కి తగ్గొచ్చు, ఆప్షన్ ఫీజు పోతుంది, ఎర్నెస్ట్ మనీ వెనక్కి వస్తుంది. ఎన్ని రోజులన్నది బేరమే, ఏజెంట్ విలువ తెలిసేది అలాంటి చోటే.

లిటిల్‌ఎల్మ్_శ్రీ
రిబేట్ గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ఒక ఫ్లయర్, కమీషన్‌లో సగం మీకే, ఒక శాతం మీకే అని. టెక్సస్‌లో అది లీగలే కదా?

లైసెన్స్_ఉన్న_సభ్యుడు
టెక్సస్‌లో లీగల్, కొన్ని రాష్ట్రాల్లో కాదు. మన మధ్య రిబేట్ పోటీ ఎక్కువ కాబట్టి ఒకటి రెండు మాటలు. ఒకటి, లోన్ మీద కొంటుంటే ఆ రిబేట్ లెండర్‌కి ముందే చెప్పాలి, క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో కనపడాలి, క్లోజింగ్ అయ్యాక చాటుగా చెక్ ఇస్తానంటే ఒప్పుకోకండి, అది మోర్ట్‌గేజ్ ఫ్రాడ్ వరకు పోతుంది. రెండు, ఇప్పుడు రాసుకునే అంకె మీరే బేరమాడుతున్నారు కాబట్టి, 3 రాసి ఒకటి వెనక్కి ఇవ్వడం కన్నా 2 అనే రాసుకోవడం శుభ్రం. సెల్లర్‌ని అడగాల్సింది కూడా తగ్గుతుంది, మీ ఆఫర్ బలపడుతుంది. బిల్డర్ తనంతట తానే 3 ఇస్తున్న కొత్త ఇంటికి అయితే రిబేటే నయం. కానీ రిబేట్ ఎక్కువ ఇస్తున్నాడని ఏజెంట్‌ని ఎంచుకోకండి. నెలకి పదుల సంఖ్యలో ఫైళ్ళు పట్టుకున్నవాడు మీ ఆప్షన్ పీరియడ్ చివరి రోజు సాయంత్రం ఐదింటికి ఫోన్ ఎత్తకపోతే మిగిల్చిన ఐదు వేలు ఏ మూలకి?

కరీంనగర్_అక్క
ఇంకొకటి అడగాలె. మా ఏజెంట్‌ను ఈ కమ్యూనిటీల మనోళ్ళు ఎంతమంది ఉన్నరు, గుడి దగ్గరుంటదా, మంచి ఏరియానేనా అని అడిగితే మనోళ్ళ సంగతి, ఏరియా సంగతి చెప్పలేనన్నడు. మన తెలుగాయనే, నాకు మస్తు కోపమొచ్చింది. ఎందుకు చెప్పడు?

లైసెన్స్_ఉన్న_సభ్యుడు
అక్కా, ఆయన మంచి ఏజెంట్, వదులుకోకండి. 1968 ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ ప్రకారం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి బయ్యర్‌ని ఒక ఏరియా వైపు తోయడం గానీ ఒక ఏరియా నుంచి తప్పించడం గానీ చట్టవిరుద్ధం, దాన్ని స్టీరింగ్ అంటారు. మనవాళ్ళు మనవాళ్ళకి చెప్పినా అంతే. రేపు ఇంకో ఏజెంట్ ఇదే తర్కంతో "ఇండియన్స్ అటు వైపు కొంటారులెండి" అని మీకు ఇళ్ళు చూపించకుండా తప్పిస్తే మనకి ఎలా ఉంటుంది? గుడి ఎంత దూరమో మ్యాప్‌లో చూపించొచ్చు, అందులో తప్పు లేదు. నేరాల లెక్కలకి పోలీస్ డిపార్ట్‌మెంట్ సైట్, స్కూల్స్‌కి టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ సైట్ మీరే చూసుకోండి. సాయంత్రం ఆరింటికి ఆ కమ్యూనిటీ పార్క్‌లో ఒక రౌండ్ నడిస్తే మీకు కావాల్సింది మీకే తెలుస్తుంది.

కూకట్‌పల్లి_వాసి
నేను హైదరాబాద్ నుంచి చదువుతున్నాను, మా అన్నయ్య అక్కడే ఆస్టిన్‌లో ఉంటాడు. మీరు ఇంత శ్రద్ధగా ఎవరి తరఫు ఎవరు అని చూస్తున్నారు, ఇక్కడి ఫ్లాట్ అమ్మేటప్పుడు మాత్రం అక్కడి నుంచి వాట్సాప్‌లో ఒక బ్రోకర్‌కి అంతా అప్పగించేస్తున్నారు. ఇక్కడ రీసేల్‌లో బ్రోకర్ మామూలుగా రెండు వైపులా కమీషన్ తీసుకుంటాడు, మీ తరఫు అని రాసిచ్చే కాగితం ఉండదు. 2016 రెరా చట్టం కింద ఏజెంట్ రిజిస్ట్రేషన్ వచ్చింది గానీ అది రెరాలో రిజిస్టర్ అయిన ప్రాజెక్టుల్లో అమ్మకాలకి, పాత ఫ్లాట్ రీసేల్‌కి ఆ రక్షణ లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఎన్నారై ఫ్లాట్‌కి బ్రోకర్ పేరు మీదే జీపీఏ రాయించాలని చూశారు, కొనేవాడిని తెచ్చింది కూడా ఆ బ్రోకరే. సొసైటీ వాళ్ళు చెప్పబట్టి ఆయన ఆగి, తన చెల్లెలి పేరు మీద రాశారు. అమ్మే అధికారం ఇంట్లోవాళ్ళకే ఇవ్వండి, అది కూడా ఆ ఒక్క ఫ్లాట్ వరకే రాయండి. ఎన్నారై దగ్గర కొనేవాడు కట్ చేయాల్సిన టీడీఎస్ వేరు, మామూలుగా కట్ చేసే 1 శాతం కాదు, ఆ విషయం బ్రోకర్ చెప్పాడని ఊరుకోకుండా సీఏని అడగండి.

తెనాలి_టు_టెక్సస్
కూకట్‌పల్లి గారూ, ఇది చాలా పనికొచ్చే మాట, మా నాన్నగారి స్థలం విషయంలో ఇప్పుడు ఇదే నడుస్తోంది. జీపీఏ డ్రాఫ్ట్ ఆపమని ఇప్పుడే మెసేజ్ పెట్టాను.

కొత్తింటి_వేటలో
అప్‌డేట్. మా ఏజెంట్‌తో ఫోన్లో కూర్చుని లైన్ లైన్ చదివాం. ఆయన నొచ్చుకుంటారేమో అని భయపడ్డాం, నిజానికి చక్కగా మాట్లాడారు. ఆరు నెలలు కాస్తా 45 రోజులైంది, నచ్చితే పొడిగిద్దాం అన్నారు. 3 శాతం 2.5 అయింది, సెల్లర్ 2 కంటే తక్కువ ఇస్తే మా చేతి నుంచి అర శాతం దాకా మాత్రమే, అంతకుమించి అడగనని స్పెషల్ ప్రొవిజన్స్‌లో రాశారు. వారం ముందు ఈమెయిల్ చేసి ఎవరైనా రద్దు చేసుకోవచ్చు అని కూడా రాయించాం. ఇంటర్మీడియరీ దగ్గర రెండు టిక్ బాక్సులు ఉన్నాయి, ఆయన బ్రోకరేజ్ లిస్టింగులు చూపించమంటారా వద్దా అని, అక్కడే ఆగాం. వద్దు అంటే వాళ్ళ ఆఫీసు ఇళ్ళు ఏవీ చూడలేమా? ప్రొటెక్షన్ పీరియడ్ 90 రోజులు అని ఉంది, అది ఉంచొచ్చా?

లైసెన్స్_ఉన్న_సభ్యుడు
బాగా మాట్లాడారు. వద్దు అని టిక్ పెడితే ఆ బ్రోకరేజ్ తాను లిస్ట్ చేసిన ఇళ్ళు మీకు చూపించదు. చిన్న ఆఫీస్ అయితే పెద్ద నష్టం లేదు, వద్దు అనేయండి. వందల ఏజెంట్లున్న పెద్ద బ్రోకరేజ్ అయితే మీరు చూడదలచుకున్న వీధుల్లో బోలెడు బోర్డులు వాళ్ళవే ఉంటాయి, అప్పుడు అవును పెట్టి, ఒకవేళ అలాంటి ఇల్లు వస్తే మాకు వేరే ఏజెంట్‌ని అపాయింట్ చేయాలి, ఒకే మనిషి రెండు వైపులా ఉండకూడదు అని ఒక వాక్యం రాయించండి.

90 రోజులు కాస్త ఎక్కువ, 30 అడగండి. ఎన్ని రోజులైనా సరే, గడువు అయ్యాక ఆయన రాతపూర్వకంగా పంపిన లిస్టులోని ఇళ్ళకి మాత్రమే అది వర్తించేలా చూసుకోండి. మీరు వేరే ఏజెంట్‌తో ఎక్స్‌క్లూజివ్ అగ్రిమెంట్ చేసుకుంటే ఇది వర్తించదు అన్న మాట ఉందో లేదో కూడా చూడండి, లేకపోతే ఒకే ఇంటికి ఇద్దరికి కట్టాల్సిన పరిస్థితి వస్తుంది.

కొత్తింటి_వేటలో
వందల ఏజెంట్లున్న పెద్ద ఆఫీసే. రెండో దారి రాయిస్తాం. సెలీనా మోడల్ హోమ్‌కి కూడా ఆయనే వస్తానన్నారు, రిజిస్టర్ చేశానని స్క్రీన్‌షాట్ పంపారు. శనివారం మొదటి రెండు ఇళ్ళు.

ప్రాస్పర్_నివాసి
శనివారం ఒక్కటి గుర్తుపెట్టుకోండి. డోర్‌బెల్ దగ్గర కెమెరా, హాల్లో కెమెరా, కిచెన్‌లో స్పీకర్ ఉన్న ఇళ్ళే ఎక్కువ ఇప్పుడు. అమ్మేవాళ్ళు ఇంకో చోట కూర్చుని చూస్తూ ఉంటారు. పూజ గది ఇక్కడ పెట్టుకుందాం, అబ్బ ఇదే మన ఇల్లు అని లోపల అనకండి, తెలుగులో అన్నా అనకండి, అమ్మేవాళ్ళు మనవాళ్ళే అయి ఉండొచ్చు. ధర మాట, నచ్చిందా లేదా అన్న మాట కారు ఎక్కి తలుపు వేసుకున్నాక ఏజెంట్‌తో మాట్లాడుకోండి.